గల్లీకి అడ్డంగా గోడ

లింబాద్రి రిటైరైన లెక్కల సారు. కంఠేశ్వర్ గుడి వెనుక కాలనీలో పొద్దున నడిచేవాళ్ల సంఘానికి కార్యదర్శి. సంఘానికి షటిల్ కోర్టు కావాలనిపించింది. పార్కులో జాగా చాలదు. పక్కనే బీడీలు చుట్టే కుటుంబాల బస్తీ నుంచి మెయిన్ రోడ్డుకు వచ్చే గల్లీ ఉంది. దాన్ని పార్కులో కలపమని మున్సిపల్ ఆఫీసుకు దరఖాస్తు రాసింది లింబాద్రే. అరవై సంతకాలు, కింద సంఘం ముద్ర. మూడు నెలల్లో గల్లీకి అడ్డంగా గోడ లేచింది.

గోడ కడుతుంటే బస్తీలో ఉండే ఆటో డ్రైవర్ భూమేష్ వచ్చి అడిగాడు.

"సార్, గిది మూస్తే మేమెటు వోవాలె?"

"రైల్వే గేటు దిక్కు తిరిగి పో. పది నిమిషాలు ఎక్కువైతది, గంతే."

ఆ శ్రావణంలో ఒక ఉదయం, ఆట మధ్యలో గోడ అవతల హారన్ ఆగకుండా మోగింది. లింబాద్రి బెంచీ ఎక్కి చూశాడు. ఆటోలో భూమేష్ భార్య భాగ్యలక్ష్మి, ఎనిమిదో నెల. చీరంతా రక్తం.

"సార్, గోడ మీదికెల్లి అందుకోండ్రి! ఇద్దరు పడితె సాలు!" అని అరిచాడు భూమేష్.

గోడ మీద వరుసగా గాజుపెంకులు. నాటించింది సంఘమే. లింబాద్రి చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. భూమేష్ ఆటో తిప్పాడు.

రైల్వే గేటు పడి ఉంది. ఇరవై నిమిషాలు. భాగ్యలక్ష్మి బతికింది. కడుపులోని ఆడపిల్ల దక్కలేదు.

ఆదివారం మీటింగులో గల్లీ తెరిపిద్దామన్నాడు లింబాద్రి. అధ్యక్షుడు శ్రీధర్ లేచాడు.

"పాపమే జరిగింది సార్, కాదంటలేను. కని కోర్టు తీసేస్తే మన పిల్లలు యాడ ఆడాలె?"

తెరవాలని లేచినవి రెండే చేతులు. ఒకటి లింబాద్రిది.

లింబాద్రి ఒక్కడే మున్సిపల్ ఆఫీసుకు పోయాడు. "సంఘం లెటర్ మీద కట్టిన గోడ. సంఘం లెటర్ తేండ్రి, చూద్దాం," అన్నాడు అక్కడి ఉద్యోగి.

ఆ సాయంత్రమే బస్తీకి పోయి భూమేష్ ముందు నిలబడ్డాడు.

"మీరూ ఒక సంఘం పెట్టుకోండ్రి. కాయితాలన్నీ నేను రాసిస్త."

లోపల భాగ్యలక్ష్మి చేటలో బీడీ ఆకు కత్తిరిస్తోంది. తల ఎత్తలేదు.

"పొద్దుగాల ఆడుకునేంత తీరిక ఉన్నోళ్లకు సంఘాలు సార్," అన్నాడు భూమేష్. "మీరు రాసిన కాయితం ఒక్కటి సాలు మాకు."

లింబాద్రి రాజీనామా ఇచ్చాడు. సంఘం దాన్ని ఆమోదించి, అదే మీటింగులో కోర్టుకు లైట్లు కావాలని ఇంకో దరఖాస్తు రాసింది. దసరాలోపే లైట్లు వచ్చాయి.

భూమేష్ ఇప్పటికీ రైల్వే గేటు దారినే తిరిగి వస్తున్నాడు.