వాగు మీద ఒంటి తీగ

అక్కడ జూన్ అంటే నడి చలికాలం. ఆ చలికి గొడ్ల తొట్టిలో నీళ్లు గడ్డకట్టిన పొద్దుల్లో కూడా నోరీన్ నీడలోనే కూర్చుని టీ తాగేది. పనివాళ్లంతా షెడ్డు గోడకి వీపులానించి ఎండ కాగుతుంటే, ఆవిడ మాత్రం భుజాల నిండా దుప్పటి కప్పుకుని, ఖాళీ గచ్చు మీద మడతకుర్చీ వేసుకునేది. గచ్చు మీద హెలికాప్టర్ లేదు. దాని నీడ మాత్రం ఉంది. అది ఆవిడ మొగుడు క్లైవ్ గొడ్లు తోలడానికి నడిపిన హెలికాప్టర్ నీడ. అతను పోయి నాలుగేళ్లు.

సరిగ్గా ఎనిమిదింటికి ఆ నీడకి రెక్కలు తిరగడం మొదలయ్యేది. చప్పుడుండదు, దుమ్ము లేవదు. నోరీన్ కప్పూ కుర్చీ పట్టుకుని పక్కకి జరిగేది. నీడ గచ్చు దిగి, కంచె దాటి, బీళ్ల మీదికి పోయేది. దాన్ని చూసి గొడ్లు బెదిరి గుంపుగా దొడ్లవైపు కదిలేవి. పదింటికల్లా వాగు దగ్గరికెళ్లి, అక్కడి కరెంటు తీగ కింద ముక్కలు ముక్కలైపోయేది. మర్నాడు తెల్లారేసరికి మళ్లీ గచ్చు మీదే.

మా గుర్రాలు బెదురుతున్నాయి, కాస్త మా కంచె వైపు రానివ్వకండని పక్క స్టేషన్ వాళ్లు ఒకసారి ఫోన్ చేశారు. వేల ఎకరాల గొడ్ల క్షేత్రాన్ని అక్కడ స్టేషన్ అంటారు. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు.

"బతికున్నన్నాళ్లూ టైముకి లేచిన పాపాన పోలేదు. ఇప్పుడు చూడు, ఎనిమిది కొట్టేసరికి డ్యూటీ ఎక్కుతున్నాడు," అనేవాడు వాలీ. ముప్పై ఏళ్లుగా ఆ స్టేషన్లో గొడ్లు తోలుతున్న ముసలాడు. "పెట్రోలు అడగడు, నన్ను తిట్టనూ తిట్టడు."

"నీకా బుద్ధి రావాలన్నా ముందు చావాలి కాబోలు," అనేది నోరీన్.

అసలా తీగ తెప్పించింది ఆవిడే. జనరేటర్ మోతకి తల పగిలిపోతోందనీ, ఫ్రీజర్లో మాంసం పాడైపోతోందనీ పదేళ్లు పోరి సాధించింది. ఒక్కటే తీగ, సన్నటి ఇనప తీగ. స్తంభాలు రెండూ వాగుకి అటొకటి ఇటొకటి, యూకలిప్టస్ చెట్ల మధ్య. గుంతలు క్లైవే తవ్వాడు. పైనుంచి తీగ కనపడేలా ఆనవాలుకి నారింజరంగు బంతులు తగిలిస్తామని లైన్‌మన్లు అడిగితే పకపకా నవ్వాడు.

"నేను పాతిన స్తంభాలు నాకు తెలీవా? సొంతింటి గడపకి ఎవడైనా గంట కట్టుకుంటాడా?"

ఆ చుట్టుపక్కల పైలట్లందరిదీ అదే వరస. పరాయి స్టేషన్లో ఎగరాలంటే తీగలెక్కడున్నాయో ముందు కాగితం మీద గీయించుకుంటారు. సొంత స్టేషన్లో ఎవడూ గీయడు. తన తీగ సంగతి క్లైవ్‌కి తెలుసు. ఒకనాటి పొద్దున, ఎండ కళ్లలో కొడుతుంటే, తప్పించుకున్న ఆవు వెంట పడి, రెప్పపాటు కాలం మరిచిపోయాడు.

కిందటేడు కూతురు బ్రోనీ పైలట్ లైసెన్సు తెచ్చుకుంది. తండ్రిది లాంటిదే రెండు సీట్ల హెలికాప్టర్ కొనుక్కుని ఇంటికొచ్చింది.

"అమ్మా, ఆ తీగ పీకించెయ్. సోలార్ పెట్టుకుందాం."

"చూద్దాంలే."

"నాకోసం కాదు. వచ్చేపోయే పైలట్ల కోసం. నాకు తెలుసుగా అదెక్కడుందో, దాని కిందే పెరిగాను."

"మరింకేం, చూద్దాంలే అన్నాగా."

బంతులైనా తగిలిస్తామని లైన్‌మన్లు రెండుసార్లు ఫోన్ చేస్తే వాళ్లకీ అదే చెప్పింది. తీగ పోతే నీడ వస్తుందో రాదో! కూతురి ప్రాణం ఒక పక్క, మొగుడి నీడ ఒక పక్క. పిల్లకి తీగ సంగతి తెలుసు కదా అని తనకి తానే సర్దిచెప్పుకునేది. సర్దిచెప్పుకుంటున్నందుకు లోపల సిగ్గుతో చచ్చిపోయేది.

ఆగస్టులో, పెద్ద మందని తోలే రోజున, నోరీన్ వాగుకి ఇవతల గేటు దగ్గర జీపులో కూర్చుంది. పైన బ్రోనీ, దూరపు బీట్లో నీడ, కింద గుర్రాల మీద వాలీ వాళ్లు. తొమ్మిదిన్నరకి ఒక ఎర్రావు దూడతో సహా మందలోంచి చీలి, ఎండకెదురుగా వాగువైపు పరుగు లంకించుకుంది. దాని వెనకే బ్రోనీ, చెట్ల కొమ్మల ఎత్తులో.

నోరీన్ రేడియో అందుకుంది.

"బ్రోనీ, తీగ! తీగే అమ్మా!"

"తెలుసమ్మా, నాకు తెలుసు," అంది బ్రోనీ. గొంతు తండ్రిదే. హెలికాప్టర్ ఎత్తు పెరగలేదు, జోరూ తగ్గలేదు.

నోరీన్ కళ్లు మూసుకోలేకపోయింది. అప్పుడు కనపడింది నీడ. దూరాన తోలుతున్న గొడ్లని అక్కడే వదిలేసి, పది కాకముందే, నేల మీద జరజరా వచ్చేసింది. వాగు ఒడ్డున, ఆవు ముందు అడ్డంగా నిలబడింది. ఆవు బిత్తరపోయి గిరుక్కున వెనక్కి తిరిగింది. దాని వెనకే బ్రోనీ హెలికాప్టర్ని వాల్చి తిప్పింది. తీగకి ఇవతల, మహా అయితే ఇరవై గజాలు.

"చూశావా, దానంతటదే తిరిగింది మహాతల్లి!" అని నవ్వింది రేడియోలో.

నోరీన్ రేడియో సీటు మీద పడేసింది. జీపు దిగి నేలమీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నీడ కాసేపు అక్కడే నిలబడి, పదింటికి తీగ కిందికెళ్లి, రోజూలాగే ముక్కలైంది. ఆవిడ దాన్ని చివరిదాకా చూసింది. నాలుగేళ్లుగా తన పొద్దుటి టీకి తోడు కోసం రోజూ అతన్ని ఆ తీగకి పంపిస్తున్నానని అప్పుడు తట్టింది.

ఆ మధ్యాహ్నమే లైన్ ఆఫీసుకి ఫోన్ చేసింది.

"బంతులా అమ్మా?" అన్నాడు అవతలివాడు.

"బంతులొద్దు. తీగే తీసెయ్యండి."

వారం తిరక్కుండా వాళ్లొచ్చి తీగని చుట్టచుట్టి లారీలో వేసుకుపోయారు. మర్నాడు నోరీన్ ఎనిమిదిదాకా నీడలో కూర్చుంది. టీ తాగలేదు. దుప్పటి తీసి గచ్చు మీద పరిచింది. నీడ దానిమీద కాసేపుండి, రెక్కలు తిప్పుకుంటూ వెళ్లిపోయింది.

పదింటికి నోరీన్, బ్రోనీ, వాలీ ముగ్గురూ వాగు దగ్గరున్నారు. నీడ వచ్చింది. రెండు చెట్ల మధ్యా కాస్త తటపటాయించింది. తర్వాత వాగు దాటింది, చెక్కుచెదరకుండా. ఎర్రమట్టి గట్టెక్కి అవతలికి దిగిపోయింది.

వాలీ టోపీ తీశాడు. "మళ్లీ వస్తాడంటావా?"

"రాడు," అంది నోరీన్.

బ్రోనీ తల్లి మొహంకేసి చూసింది. "అమ్మా, ఆ రోజు ఎర్రావు..."

"దానంతటదే తిరిగింది. పద, గొడ్లు నీళ్లకి ఆగవు."

మర్నాడు ఇంకా సోలార్ రాలేదు. కట్టెల పొయ్యి మీద టీ పెట్టుకుని, అలవాటు కొద్దీ కుర్చీ తీసుకెళ్లి గచ్చు మీద వేసుకుంది నోరీన్. నాలుగేళ్ల తర్వాత మొదటిసారి ఆవిడ మీద పొద్దుటెండ పడింది. మోకాళ్లు వెచ్చబడ్డాయి, చేతులు వెచ్చబడ్డాయి. ఆ వెచ్చదనం ఆవిడ భరించలేకపోయింది. అయినా లేవలేదు. ఎనిమిదింటికి షెడ్డు వెనక బ్రోనీ ఇంజను మోగింది. ఆ మోత బీళ్ల మీదుగా వెళ్లి, మళ్లీ ఇంటివైపు తిరిగేదాకా వింటూ కూర్చుంది.