ఇచ్చినవాడి కొట్టులోనే చెల్లే కాగితం

"చేతులు కడుక్కున్నావా?" అన్నాడు మా ఆయన జగదీష్. బజ్జీలు వేస్తున్నదాన్ని పిలిచి తన పాత నోట్ల ఆల్బమ్ తెమ్మన్నదీ ఈయనే. నా చేతి నూనె అంటితే ఆ నోట్లు పాడైపోతాయట. అదే చేత్తో వేసిన బజ్జీలు మాత్రం వాయి మీద వాయి లాగిస్తున్నాడు.

సోఫాలో వినీత్, అతని భార్య విద్య. టెక్సస్‌లోని ఈ కాపెల్‌లో ఏ తెలుగువాళ్ళు మా ఇంటికొచ్చినా ఈ ప్రదర్శన తప్పదు. నూట అరవై ఏళ్ళ కిందట అమెరికా సివిల్ వార్‌లో జనం నాణేలన్నీ దాచేసుకుంటే, కొట్లవాళ్ళే చిన్న చిన్న కాగితాలు అచ్చేయించి చిల్లర బదులు ఇచ్చారట. ఒక్కోటి కొనడానికి ఈయన ఎంత తగలేస్తాడో నేను అడగకూడదు.

నేను మాత్రం ప్రతిదానికీ చెయ్యి చాచాలి. నేనిక్కడికి వచ్చిన కొత్తలో, "నీకు డబ్బులెందుకు? కావల్సినవన్నీ ఇండియన్ స్టోర్‌లో దొరుకుతాయిగా" అని ఆ స్టోర్ గిఫ్ట్ కార్డ్ చేతిలో పెట్టాడు. అయిపోతే మళ్ళీ నింపుతాడు. "కార్డే ఇచ్చేశాడు, ఇంకేం తక్కువ చేశాడమ్మా నీకు?" అంటుంది ఫోన్‌లో అత్తగారు. ఏం తక్కువా? మొన్న పంటి నొప్పితో చచ్చిపోతూ ఫార్మసీకి నడిచి వెళ్ళి మాత్రలు కొనబోయాను. కౌంటర్ దగ్గర అమ్మాయి ఆ కార్డ్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, జాలిగా వెనక్కిచ్చింది. లైన్‌లో అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. సాయంత్రం చెబితే, "ఇండియన్ స్టోర్‌లో లవంగాలు కొనుక్కోవాల్సింది" అన్నాడీ మహానుభావుడు.

నాకు వర్క్ పర్మిట్ వచ్చింది. విద్య తను నడిపే పిల్లల డేకేర్‌లో పనికి చేరమని ఎన్నాళ్ళుగానో అడుగుతోంది. "మరి ఇల్లెవరు చూస్తారు?" అన్నాడు ఈయన. నేనూ నోరు మూసుకున్నాను, నా బుద్ధి గడ్డి తిని.

"పక్క కొట్టువాడు ఈ కాగితం తీసుకునేవాడా?" అడిగింది విద్య.

"నో వే! అదే కదా మజా. ఇచ్చినవాడి కొట్టులోనే చెల్లుతుంది. కస్టమర్ చచ్చినట్టు అక్కడికే రావాలి. స్మార్ట్ కదా?" అని పకపకా నవ్వాడు.

ఒళ్ళు మండిపోయింది నాకు. లోపలికెళ్ళి పర్సులోంచి గిఫ్ట్ కార్డ్ తెచ్చి, ఆల్బమ్‌లో ఖాళీగా ఉన్న కవర్‌లో దూర్చాను. నూనె చేత్తోనే.

"ఏయ్, ఏంటిది?"

"ఇదీ అలాంటిదే. దీని కథ కూడా చెప్పండి వాళ్ళకి."

వినీత్ తలొంచుకుని బజ్జీ తుంచుతూ కూర్చున్నాడు. నేను విద్య వైపు తిరిగాను.

"సోమవారం నుంచి నీ డేకేర్‌కి వస్తున్నాను విద్యా. జీతం మాత్రం ఎక్కడైనా చెల్లే డబ్బుల్లో ఇవ్వు."