తాయారమ్మ తీసిన బిరడా

నేను ఒక సీసాని. నూనె సీసానో, ఫినాయిల్ సీసానో అనుకునేరు. ముదురాకుపచ్చ ఒళ్ళూ, పొడుగాటి మెడా, నెత్తిన బిరడా ఉన్న వైన్ సీసాని. ఇప్పుడు నా కడుపులో ఉన్నదేమిటో చివర్లో చెబుతాను. ముందు నా పుట్టుక సంగతి వినండి.

ఇసకా, సున్నపురాయీ, పాత గాజు పెంకులూ కలిపి కరిగించి నన్ను చేశారు. ఆ పెంకుల్లో మందు సీసాలున్నాయి, పచ్చడి సీసాలున్నాయి. అందుకే నాకు వంశగర్వం లేదు. అక్కడినుంచి నాసిక్ దగ్గరి ఒక ద్రాక్షతోటకి చేరాను. ఇటలీ జాతి తీగల్ని మన ఎండకి అలవాటు చేసి, ఆ పండ్లతో ఇటలీ పద్ధతిలో పులియబెట్టిన ఎర్ర వైన్ నాలో నింపారు. మరీ చిక్కనా కాదు, మరీ పలచనా కాదు. మన లెక్కలో చెప్పాలంటే చారు కంటే ఎక్కువ, పప్పుచారు కంటే తక్కువ. కాస్త పులుపు, కాస్త వగరు. "ఇది ఊరికే తాగేది కాదు, భోజనంతో పాటు తాగేది" అని అక్కడి పెద్దాయన వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. వినీ వినీ నాకూ అదే కోరిక పట్టుకుంది. ఖాళీ అయితే నలుగురు కూర్చున్న భోజనాల బల్ల మీదే ఖాళీ అవ్వాలి.

ఆ తోట ఆఫీసులో పనిచేసే దుర్గాప్రసాద్ నన్ను తువ్వాల్లో చుట్టి, భార్య హైమతో తణుకు బయల్దేరాడు. అది అతని అత్తవారి ఊరు. రైల్లో హైమ పంతం పట్టడం పెట్టెలోంచి విన్నాను. "ఈసారి మా అమ్మ మనతో కూర్చుని తినకపోతే నేను మళ్ళీ ఆ ఇంటికి రాను. నువ్వేం చేస్తావో నాకు తెలీదు!" ప్రసాద్ బిక్కమొహం వేశాడు.

సంగతేమిటో ఇంట్లో దిగాక తెలిసింది. హైమ తండ్రి గంగరాజుగారికి టైర్ల కొట్టు, కోరమీసం, మేడమీద మందు. మగవాళ్ళు పైకెక్కి, వేరుశనగ గుళ్ళు నములుతూ గబగబా తాగేసి, కిందికొచ్చి ఏ కూరో తెలియకుండా తినేస్తారు. ఆయన భార్య తాయారమ్మ నిలబడి వడ్డిస్తుంది. అందరూ చేతులు కడిగాక గిన్నె అడుగున మిగిలింది ఊడ్చుకుని, వంటింట్లో పీట వేసుకుంటుంది. అల్లుడొచ్చిన రోజైతే చెప్పనే అక్కర్లేదు. అత్తగారు అల్లుడి ముందు కంచం పెట్టుకోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. కూతురు బతిమాలితే "వడ్డించే చెయ్యి ముందు తింటుందేంటే, పిచ్చిదానా!" అని నవ్వేస్తుంది.

గంగరాజుగారు నన్ను వెలుతురుకి ఎత్తి చూశాడు. "ఏటల్లుడూ, దగ్గుమందులా ఉంది! చల్లగా లేందే దిగదు" అని ఫ్రిజ్‌లో దోసెల పిండికీ గోంగూర పచ్చడికీ మధ్య ఇరికించాడు. మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం సోడాలతో సహా నన్ను మేడమీది రేకుల షెడ్డుకి మోసుకుపోయాడు. నాలో సోడా కలుపుతాడా మహానుభావుడు!

అయితే నన్ను మోసుకొచ్చిన అల్లుడు బిరడా తీసే మరను మరిచిపోయాడు. లారీ టైర్లు ఊడదీసే గంగరాజుగారు తాళంచెవితో పొడిచాడు, చాకుతో గీకాడు, చివరికి పళ్ళతో లాగాడు. "గట్టిగా పట్టుకో నాయనా" అని నేను బిరడాని వేడుకున్నాను. ఎండకి సోడాలు వెచ్చబడ్డాయి, ఆయనకి చిరాకెక్కింది. కిందినుంచి చింతచిగురు మాంసం ఉడుకుతున్న వాసన వస్తోంది. ఇక లాభం లేదని ఇద్దరూ నన్నూ, ఒక సోడానీ పట్టుకుని వంటింటికి దిగారు.

తాయారమ్మ నన్ను ఒక్కసారి ఎగాదిగా చూసింది. మేకుల డబ్బాలోంచి పొడుగాటి మరమేకు తీసి బిరడాలోకి తిప్పింది. దాని తలని పట్టకారుతో పట్టి ఒక్క గుంజు గుంజింది. టప్పుమంది!

"పచ్చడి జాడీ మూతకన్నా ఇదేం గట్టిదండీ?" అంది.

ప్రసాద్ బుర్రలో ఏదో వెలిగింది. "అత్తయ్యగారూ, మా తోటలో ఒక పద్ధతుందండీ. బిరడా తీసినవాళ్ళే ముందు కూర్చుని రుచి చూడాలి. అదీ వట్టిగా కాదు, వేడి వేడి కూరన్నంతో. అప్పటిదాకా ఇంకెవరూ ముట్టుకోకూడదు" అన్నాడు.

అలాంటి పద్ధతి అక్కడ లేనే లేదు. అల్లుడు చక్కగా కోతలు కోశాడు. నేను మాత్రం, బిరడా లేకపోయినా, నోరు మెదపలేదు.

"అయ్యబాబోయ్, నేనా! అల్లుడుగారి ముందా!" అని తాయారమ్మ కొంగు సర్దుకుంటూ మొగుడి వంక చూసింది. హైమ కూడా తండ్రినే చూస్తోంది. ఆయన కాదంటే అంతే సంగతులు.

"పద్ధతంటే పద్ధతే. కూచోవే" అన్నాడు గంగరాజుగారు. పెళ్ళాం మీద ప్రేమతో అన్నాడనుకోకండి. ఆవిడ రుచి చూస్తేగానీ తన గ్లాసు నిండదని బెంగ.

తాయారమ్మ భోజనాల బల్ల దగ్గర కుర్చీ అంచున కూర్చుంది. హైమ పొగలు కక్కే అన్నం మీద కూర వేసి, స్టీలు గ్లాసులో నన్ను కొద్దిగా వంచింది. ఆవిడ ఒక ముద్ద తింది. ఒక గుక్క తాగింది. ఇంకో ముద్ద తిని కళ్ళు మూసుకుంది. వైన్ ఎలా ఉందంటుందోనని అందరం చూస్తున్నాం.

"ఈ కూర ఇంత బాగుంటుందా?" అంది.

"వేడిగా ఎప్పుడూ తినలేదు కదా, తెలీలేదు" అంది, తప్పు చేసినదానిలా నవ్వి.

హైమ మొహం తిప్పుకుంది. గంగరాజుగారు చేతిలోని సోడా కింద పెట్టాడు. పెళ్ళయిన నాటినుంచీ ఆ కూర వేడివేడిగా తిన్న మనిషి ఆయన. గరిటె అందుకుని, ఆవిడ కంచంలో రెండు ముక్కలు వేశాడు. వడ్డన ఎరగని చెయ్యి కదా, సగం పులుసు బల్ల మీద పడింది. నాకైతే ఏడుపొచ్చినంత పనైంది.

"మరి దీని సంగతేంటండీ?" అని ప్రసాద్ గ్లాసు చూపించాడు.

"వగరే బాబూ. కానీ నోట్లో కొవ్వు కడిగేసి, ఇంకో ముద్ద పెట్టమంటోంది" అంది తాయారమ్మ.

ఆ మాటకి నేను కరిగి నీరయ్యాను. నలుగురూ కూర్చున్నారు. ముద్దకో గుక్క, గుక్కకో కబురు. సోడా ఊసే ఎవరూ ఎత్తలేదు. "మేడమీద ఏది తాగినా ఒకేలా ఉండేదల్లుడూ" అని ఒప్పుకున్నాడు గంగరాజుగారు. నా కడుపు ఖాళీ అయింది, కోరిక తీరింది.

పిల్లలు వెళ్ళిపోయాక తాయారమ్మ నన్ను పాత సామాన్లవాడికి ఇవ్వబోతే గంగరాజుగారు అడ్డుపడ్డాడు. తనే కడిగి, తూటుపడ్డ బిరడా మళ్ళీ పెట్టాడు. రోజూ మధ్యాహ్నం నన్ను బల్ల మధ్యన పెట్టుకుని కూర్చుంటాడు. "నాతో కూర్చుని తిను" అని పెళ్ళాన్ని పిలవడం ఆయనకి ఇప్పటికీ చేతకాదు.

"తాయారూ, బిరడా బిగుసుకుపోయింది, రా!" అని కేకేస్తాడు.

వట్టిదే. చిటికెన వేలితో ఊడొచ్చే బిరడా అది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అయినా చేతులు తుడుచుకుంటూ వచ్చి, బిరడా తీసి, కూర్చుంటుంది. ఇప్పుడు నా కడుపులో ఉన్నది మజ్జిగ. కరివేపాకు మెడలో అడ్డం పడుతోంది గానీ నాకేం బాధలేదు.

పద్ధతి ప్రకారం మొదటి ముద్ద ఆవిడదే.