ట్రేలో నిండు గ్లాసు

పెళ్లయిన కొత్తలో నాకు దుప్పట్లు మడతపెట్టడమంటే పిచ్చి. ఒక కొస ఆయన పట్టుకుంటే ఇంకో కొస నేను. దులపడం, బిగించి లాగడం, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపడం. కొసలు కలిసిన ప్రతిసారీ వేళ్లు కలిసేవి. ఎవరూ చూడకపోతే ముక్కులు కూడా. మామయ్య లాండ్రీకి ఆసుపత్రి దుప్పట్లు గుట్టలుగా వస్తాయి కాబట్టి మన కాపురానికి ఏ లోటూ లేదని ఆయన నా చెవిలో గొణిగేవారు.

మేం ఉండేది లాండ్రీ పైగదిలో. కింద బాయిలర్ వెలిగించిన కాసేపటికి మా గచ్చు గోరువెచ్చనయ్యేది. చెప్పుల్లేకుండా దాని మీద తిరగడం నాకో పెద్ద భోగం. పైగదిలో ఆయన్ని "నువ్వు" అనేదాన్ని, కింద షాపులో "మీరు". మెట్ల మీద ఎక్కడ మార్చాలో తెలియక తడబడుతుంటే పనివాళ్లకు నవ్వే నవ్వు.

"ఇప్పుడు నువ్వు అన్నావా, మీరు అన్నావా? సరిగ్గా వినపడలేదమ్మాయ్, ఇంకోసారి అను" అనేది ఇస్త్రీ అత్త, పెట్టె పక్కన పెట్టి మరీ.

ఇస్త్రీ అత్త మాకు చుట్టం కాదు. ఆ లాండ్రీలో చిన్నాపెద్దా అందరికీ ఆమె అత్తే. కిటికీ పక్క బల్ల దగ్గర నిలబడి తెల్ల కోట్లు ఇస్త్రీ చేసేది. నాతో హాస్యాలాడేది కానీ ఆమె నవ్వు ఎప్పుడూ సగంలోనే ఆగిపోయేది. ఎందుకో నాకు తెలుసు. ఆమె కొడుకు అక్కడే, బట్టల్లోంచి నీళ్లు పిండే మెషిన్ నడిపేవాడట. పనిలో ఉన్నంతసేపూ ఈల వేసేవాడని అందరూ ఈలగాడు అనేవాళ్లట. మా పెళ్లికి ముందటి వానాకాలంలో తాగి పనిలోకి వచ్చాడనీ, తిరుగుతున్న డ్రమ్ములో చెయ్యి పెట్టి పోయాడనీ చెప్పారు. మా ఆయనకు అతను చిన్ననాటి స్నేహితుడు. ఆ పేరెత్తితే ఆయన లేచి వెళ్లిపోయేవారు. దుఃఖమనుకున్నాను.

ఒక మధ్యాహ్నం టీ తాగుతుంటే ఇస్త్రీ అత్త ఉన్నట్టుండి అడిగింది.

"నువ్వు కాలేజీలో చదువుకున్నదానివి కదా. నాకో సంగతి చెప్పు. పోయేముందు ఒక్క క్షణం పశ్చాత్తాపపడినా దేవుడు దగ్గరికి తీసుకుంటాడంటారు పాస్టరు గారు. మత్తులో ఉన్నవాడికి ఆ క్షణం వచ్చిందని తెలుస్తుందా?"

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను.

"మీ మామగారు సమాధి దగ్గరే చెప్పేశారులే. వాడి పాపానికి తగ్గ కూలి ముట్టింది, ఇక ప్రార్థన చేసి లాభం లేదు అని. ఆయన సంఘ పెద్ద. ఆయనకు తెలియదా?" అని పెట్టె అందుకుంది. ఆమె ఇస్త్రీ చేసేటప్పుడు పెదవులు ఎందుకు కదులుతాయో నాకు అప్పుడు అర్థమైంది. చెయ్యొద్దన్న ప్రార్థన ఆవిరి చాటున చేసుకుంటోంది.

మా చర్చిలో నెలకో ఆదివారం బల్ల, అంటే ప్రభువు భోజనపు ఆరాధన, ఉండేది. రొట్టె ముక్క పంచాక, చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం ఉన్న ట్రే పట్టుకుని మామయ్య వరస వరసకీ వచ్చేవారు. ఎవరి గ్లాసు వాళ్లు తాగి ఖాళీది మళ్లీ ట్రే గుంటలో పెట్టేదాకా అక్కడే నిలబడేవారు. అంతకుముందు పాస్టరు గారు హెచ్చరించేవారు. ఒప్పుకోని పాపం లోపల పెట్టుకుని ఈ గిన్నె ముట్టేవాడు తీర్పును తానే మింగుతాడని. పెళ్లయ్యాక మొదటి బల్లలో మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఆయన గ్లాసు ఎత్తి, వెంటనే రుమాలుతో మూతి తుడుచుకున్నారు. ఎంత శుభ్రమో మా ఆయనకి అని మురిసిపోయాను.

మర్నాడు మా బట్టలు ఉతకడానికి వేరు చేస్తుంటే ఆ రుమాలు దొరికింది. మూతి తుడిస్తే అంటుకునేంత మరక కాదు. గ్లాసు మొత్తం పీల్చుకుని ఊదారంగుకి తిరిగిపోయి ఉంది. లాండ్రీ ఇంట్లో పుట్టి, మరక దాచుకోవడానికి గుడ్డ వెతుక్కున్నాడు మహానుభావుడు! ఆ రుమాలు జెండాలా ఊపుతూ మెట్లెక్కాను.

"ఏం అబ్బాయ్, పుల్లగా ఉందా? వచ్చేసారి కాస్త చక్కెర వెయ్యమని మామయ్యకి చెప్పనా?"

ఆయన నవ్వలేదు. నా చేతిలోంచి రుమాలు తీసుకుని తలుపు గడియ పెట్టారు.

"పిల్లా, కూర్చో" అన్నారు. నేను కూర్చున్నాను. ఆయన మాత్రం గోడకి ఆనుకుని నిలబడే చెప్పారు.

ఆ మెషిన్ మూతకి ఒక లాకు ఉంటుందట. డ్రమ్ము పూర్తిగా ఆగేదాకా మూత తెరుచుకోనివ్వదు. ఆగడానికి పట్టే ఆ కాస్త సమయం కూడా మామయ్యకి బరువైంది. దుప్పట్లు ఆలస్యమవుతున్నాయని ఆసుపత్రివాళ్లు గొడవ చేస్తున్నారు. "ఆ లాకుని కట్టి పారెయ్‌రా" అన్నారట. ఈయన రాగితీగ మెలేసి కట్టేశారు. అప్పటినుంచి డ్రమ్ము తిరుగుతుండగానే మూత లేచేది.

"ఆవేళ అత్తకి జ్వరం, పనిలోకి రాలేదు. వాడు పొద్దున్నుంచీ డాక్టరు కోటు మీద సిరా మరక తీస్తున్నాడు. స్పిరిట్ సీసా ఒలికి చొక్కా అంతా తడిసింది. ఆ చొక్కాతోనే మెషిన్ దగ్గరికెళ్లాడు. తాగలేదు. వాడసలు ఎప్పుడూ తాగలేదు."

"మరి?"

"అరుపు విని నేనే ముందు వెళ్లాను. కరెంటు ఆపాను. వాడు కింద పడి ఉన్నాడు. నాన్న వెనకాలే వచ్చి, తీగ, తీగ అన్నారు. నేను వాణ్ని ఎత్తలేదు. పట్టుకారు తెచ్చి ముందు తీగ విప్పాను. విప్పుతున్నంతసేపూ వాడు నన్నే చూస్తున్నాడు. తర్వాత అందరూ వచ్చారు. స్పిరిట్ కంపు కొడుతోంది. తాగొచ్చాడని నాన్న అన్నారు. అందరికీ వాసన వచ్చింది, అందరూ నమ్మారు."

ఆయన రుమాలుని ఉండ చుట్టి జేబులో పెట్టుకున్నారు.

"అప్పటినుంచీ శిక్ష కోసం చూస్తున్నా. ఒళ్లు పాడవుతుందనుకున్నా, లాండ్రీ తగలబడుతుందనుకున్నా. ఏమీ కాలేదు. ఆఖరికి నువ్వొచ్చావు, ఇల్లంతా నవ్వులు. నువ్వు నవ్వినప్పుడల్లా నాకు దడ. దేవుడు నిన్నే తీసుకెళ్తాడేమోనని. అందుకే ఆ రసం గొంతులోకి దిగనివ్వను."

ఇంత చదువు చదివిన నేను అప్పుడు అన్న మాట ఇదీ. "ఎవరికీ చెప్పకు." నాకు ఆ వెచ్చని గచ్చు కావాలి. ఆయన కావాలి. ఇస్త్రీ అత్త కొడుకుని నేను చూడనైనా చూడలేదు.

ఆ మధ్యాహ్నం కూడా దుప్పట్లు మడిచాం. కొసలు కలిశాయి, వేళ్లు కలిశాయి, ఇద్దరం తలలు దించుకున్నాం. అవతల అత్త పెదవులు కదులుతున్నాయి. శిక్ష పడలేదని ఆయన అంటారేమిటి? పడింది. కిటికీ పక్కన నిలబడి ఇస్త్రీ చేస్తూ ఆమె దాన్ని అనుభవిస్తోంది.

ఇక ఉండబట్టలేక మామయ్య ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి అడిగాను. ఆయన దుప్పట్ల మూటలకి ముడులేస్తున్నారు.

"మామయ్యా, అత్తకి ఆ తీగ సంగతి చెప్పేస్తే ఏమవుతుంది?"

ఆయన చెయ్యి ఆగలేదు. ముడి బిగించి, ఇంకో మూట లాక్కున్నారు.

"వాడు నీకు చెప్పాడన్నమాట. కొత్తకోడలివి, నీకు తెలియదమ్మా. అది దేవుడికీ మాకూ మధ్య సంగతి. తీర్పు తీర్చడానికి ఆయనున్నాడు. మధ్యలో మనమెందుకు తొందరపడడం?"

"అంతవరకూ ఆమె తన కొడుకు నరకంలో ఉన్నాడనుకుంటూ బతకాలా?"

"జైలుకెళ్లేది నా కొడుకు. నీ మొగుడు. అది ఆలోచించుకుని మాట్లాడు" అన్నారు. అరవలేదు. ఆ తర్వాత నా తల మీద చెయ్యి పెట్టి దీవించారు కూడా. ఆ చెయ్యి బరువుకి నా మెడ వంగిపోయింది.

మళ్లీ బల్ల ఆదివారం వచ్చింది. వరసలో ఆ చివర మా ఆయన, మధ్యలో నేను, నా పక్కన ఇస్త్రీ అత్త. పాస్టరు గారు ఆ హెచ్చరికే మళ్లీ చెప్పారు. ట్రే వచ్చింది. ఆయన ఎప్పటిలా రుమాలు తీశారు. అత్త రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, కళ్లు మూసుకుని తాగేసింది. నేను గ్లాసు పెదవుల దాకా తెచ్చాను. వాసన తియ్యగానే ఉంది. పెదవులు తెరుచుకోలేదు.

"తాగమ్మా" అన్నారు మామయ్య మెల్లగా.

"నా వల్ల కాదు మామయ్యా."

నా దగ్గర రుమాలు లేదు. నిండు గ్లాసుని అలాగే ట్రేలో పెట్టేశాను. చుట్టూ ఖాళీ గ్లాసులు, మధ్యలో అదొక్కటీ. ట్రే వణికి రసం అంచు దాకా వచ్చింది.

ఇస్త్రీ అత్త కంగారుగా నా చెయ్యి పట్టుకుంది. "ఏమైందే? నిన్నగాక మొన్న పెళ్లైనదానివి, తాగకూడనంత తప్పు నువ్వేం చేశావే?"

"తెలిసిన సంగతి దాచానత్తా. ఆ తప్పు నాది."

మా ఆయన లేచి నిలబడ్డారు. తడిసిన రుమాల్లోని రసం పిడికిట్లోంచి మణికట్టు మీదికి కారుతోంది. "కూర్చోరా" అన్నారు మామయ్య. ఆయన కూర్చోలేదు. తీగ సంగతి, స్పిరిట్ సంగతి, పట్టుకారు సంగతి, పైగదిలో నాకు చెప్పిన వరసలోనే అందరి ముందూ చెప్పేశారు.

అత్త ఏడవలేదు. కోర్టులో వకీలులా అడిగింది.

"వాడు తాగలేదా?"

"లేదత్తా."

"తెలివుందా వాడికి?"

"ఉంది."

"ఎంతసేపుంది?"

"నేను తీగ విప్పేంతసేపూ ఉంది."

"ఏమన్నా అన్నాడా?"

"అమ్మని పిలవరా అన్నాడు."

"నువ్వు పిలవలేదు."

"పిలవలేదు."

ఆమె మామయ్య వైపు తిరిగింది. "పెద్దాయనా, సమాధి దగ్గర నా బిడ్డకి తీర్పు చెప్పింది దేవుడనుకున్నాను. నువ్వా?" అంది. ఆయన ట్రే పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. ఎవరో వచ్చి దాన్ని చేతుల్లోంచి తీసుకోవాల్సొచ్చింది. అత్త వరసలోంచి బయటికి నడిచింది. నా మోకాళ్లని రాసుకుంటూనే వెళ్లింది కానీ నన్ను చూడలేదు.

సోమవారం పొద్దున మా ఆయన పోలీసు స్టేషన్‌కి బయల్దేరాలి. మామయ్య తలుపేసుకుని వకీలుకి ఫోన్లు చేసుకుంటున్నారు. పనివాళ్లెవరూ రాలేదు. నేను కిందికెళ్లి ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేయబోయి కాలర్ దగ్గర పసుపు మచ్చ తెచ్చేశాను. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి పెట్టె లాక్కుంది. ఇస్త్రీ అత్త.

చొక్కా మీద నీళ్లు చిలకరించి, కాలర్, భుజాలు, చేతులు, ఒక్క ముడత కూడా లేకుండా చేసింది. పెదవులు కదలలేదు. దాన్ని నా చేతుల్లో పెట్టింది.

"అత్తా..." అన్నాను, ఏడుపొచ్చేసింది.

"ఆశపడకు. క్షమించానని కాదు. నావల్ల అవుతుందో లేదో కూడా తెలియదు. వాడు నా కొడుకు తాగలేదని చెప్పడానికి పోతున్నాడు. నలిగిన చొక్కాతో పోతే వాడి మాట ఎవడు నమ్ముతాడు?"

పెట్టె తీగ ప్లగ్గులోంచి లాగేసి ఆమె వెళ్లిపోయింది. ఆయన ఆ చొక్కా వేసుకున్నారు. ఇంకా వెచ్చగా ఉందన్నారు. గడప దగ్గర నేను "జాగ్రత్త, మీరు..." అనబోయి "నువ్వు" అన్నాను. నవ్వడానికి అక్కడెవరూ లేరు.

పైకి వచ్చాను. బాయిలర్ ఎవరూ వెలిగించలేదు. గచ్చు చల్లగా ఉంది. మంచం కింద వెతికి చెప్పులు వేసుకున్నాను.