ముందు పవుడు

కొత్తపిల్ల మా గదిలో చేరిన మొదటి రోజే నాకు అనుమానం వచ్చింది. అనుమానం నాకు కొత్తేమీ కాదు. నా వెనకాల నన్ను భూతద్దం అంటారని తెలుసు. అననీ. నదుల నీటిమట్టాల లెక్కలు భద్రపరిచే ఆఫీసులో, కంప్యూటర్ గదికి పెద్దగా పదిహేనేళ్లు నెగ్గుకురావాలంటే వీపుకి కూడా కళ్లుండాలి.

ఆ రోజు అక్కర్లేని ఫైళ్ల జాబితా ఒకటి ఇచ్చి, "ఇవి చెరిపెయ్యాలి. ఎలా చేస్తావు?" అని అడిగాను.

"ముందు పవుడు కొడతాను మేడం. తర్వాతే రమ్ము," అంది తడుముకోకుండా.

నేను తాగుతున్న టీ కింద పెట్టేశాను.

ఎందుకో చెప్పాలి. కంప్యూటర్‌కి ఇచ్చే ఆజ్ఞలన్నీ రెండు మూడు అక్షరాల ముక్కలు. ఫైలు చెరపడానికి ఆర్, ఎమ్. కంప్యూటర్లో ఫైళ్లు దాచే అరలుంటాయి, వాటిలో మనం ఏ అరలో ఉన్నామో అడగడానికి పీ, డబ్ల్యూ, డీ. పుస్తకం చదివి నేర్చుకున్నవాళ్లు వాటిని అలాగే అక్షరం తర్వాత అక్షరం పలుకుతారు. మా గదిలో అలా కుదిరేది కాదు. తొలిరోజుల్లో మాకు తెర ఎక్కడిది? కొట్టిన ప్రతి ముక్కా కాగితం చుట్ట మీద అచ్చయ్యే యంత్రం ఒకటి ఉండేది. ఒకరు ఆజ్ఞ చదివితే ఇంకొకరు కొట్టేవాళ్లు. చల్లగాలి మిషను రొదలో ఎమ్ ఏదో ఎన్ ఏదో తెలిసి చావదు. అందుకని ఆ ముక్కలకి అచ్చులు తగిలించి నోటికి పట్టే పేర్లు చేసుకున్నాం. ఆర్, ఎమ్ రమ్ము అయింది. పేరు రమ్ము, చేసే పని పొమ్ము అని నవ్వుకునేవాళ్లం. ఫైల్లో ఏముందో చూపించే క్యాట్‌ని పిల్లి అనేశాం. ఎక్కడున్నామో చెప్పేది పవుడు. ఈ పలికే తీరు మా గది గడప దాటి ఎక్కడా వినపడదు.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాను.

"పుస్తకం చదివి నేర్చుకున్నాను మేడం."

పుస్తకానికి నోరెక్కడిది? అబద్ధమైనా అతికినట్టుండాలి.

ఆ పిల్లని ఆరు నెలల పరీక్ష మీద తీసుకున్నారు. ఆరు నెలలయ్యాక ఉంచాలో పంపాలో రాసి సంతకం పెట్టాల్సింది నేనే. కాబట్టి ఆరు నెలలూ కనిపెట్టుకునే ఉన్నాను. శిక్షణ ఇచ్చిన సంస్థకి ఫోను చేస్తే అక్కడి మాస్టారు, "మేం అక్షరాలే పలికిస్తామండీ. పవుడేమిటి, మొహానికి రాసుకునేదా?" అని నవ్వాడు. ఒకరోజు కావాలని "ఎల్లెస్ కొట్టు" అన్నాను. జాబితా చూపించే ఆజ్ఞ అది. "లిస్సా మేడం?" అని నాలుక కరుచుకుంది. లిస్సు కూడా మాదే.

పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు. నాకు అదీ అనుమానమే. అంత ఒద్దికగా పని చేసే మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆవిడ చేతి మీదుగానే ఈ గది పరువు పోయింది.

ఆవిడ మా టైపిస్టు. అందరం వదినా అని పిలిచేవాళ్లం. రమ్ము, పిల్లి, పవుడు అన్న పేర్లలో సగం ఆవిడ పెట్టినవే. పదిహేడేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం నేను చదువుతుంటే వదిన కొట్టింది. ఈ అరలో ఉన్నవన్నీ చెరిపెయ్యి అన్న ఆజ్ఞ. పోవాల్సింది పాత నకళ్లు. కానీ అప్పుడు మేమున్న అర వేరు. ఎగువ వంతెన దగ్గర పదకొండేళ్ల పాటు కొలిచిన లెక్కలన్నీ పోయాయి. విచారణ జరిగింది. కాగితం మీద కొట్టినవాళ్ల పేరే అచ్చవుతుంది, చదివినవాళ్ల పేరు ఉండదు. వదిన ఉద్యోగం పోయింది. రుజువు కాగితం మీదే ఉంది, ఇందులో నేను కల్పించింది ఏమీ లేదు.

శుక్రవారం సంతకం పెట్టాలనగా బుధవారం పొద్దున పాత కాగితం చుట్టల బీరువా మీద దుమ్ము చెదిరి కనిపించింది. మేకుకి తగిలించే తాళంచెవి తిరగేసి ఉంది. బీరువా తెరిచి చూశాను. చుట్టలన్నీ వరసగానే ఉన్నాయి గానీ ఒక్కదాని తాడు ముడి కొత్తది. అది వదిన ఉద్యోగం పోయిన ఏడాదిది. దొంగ ఎవరో నాకు తెలుసు. ఎందుకో తెలియాలి.

గురువారం భోజనానికి వెళ్తున్నానని అందరికీ వినపడేలా చెప్పి, మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. కొత్తపిల్ల నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఆ చుట్టే.

"దొరికావు," అన్నాను. "ఎవరు పంపారు నిన్ను?"

పిల్ల లేవలేదు. ఏడ్చిన మొహం. "ఎవరూ పంపలేదు మేడం. మా అమ్మ కోసం వచ్చాను. ఇక్కడ టైపిస్టుగా చేసేది. మీరంతా వదినా అనేవారట."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆరు నెలలు భూతద్దం పెట్టి చూసిన నాకు ఆ ముక్కూ ఆ నుదురూ ఎవరివో తట్టలేదు.

"ఇంట్లో కంప్యూటర్ ఎక్కడిది మేడం? అట్ట మీద మీటలు గీసి నేర్పింది. కూరలు తరుగుతూ అన్నీ అప్పజెప్పించుకునేది. ముందు పవుడు, తర్వాతే రమ్ము. తప్పితే మొట్టికాయ."

"ఆ ముక్క మొదటి రోజే చెప్పొచ్చుగా?"

"చెబితే రానిచ్చేవారా?"

రానిచ్చేదాన్ని కాదు. ఆ మాట పైకి అనలేదు.

"ఈ బీరువాతో నీకేం పని మరి?"

"అమ్మ ఒక్కటే చూసి రమ్మంది మేడం. ఆ రోజు పవుడు అన్నట్టు గుర్తుందట. నోటితో అన్నానా, చేత్తో కొట్టానా, మనసులోనే అనుకున్నానా, అది తెలియడం లేదంటుంది. విచారణలో నేను అడిగానండీ అంటే, అలాంటిదేం లేదు, ఊహించుకుంటున్నావన్నారట. అందరూ అదే మాట అనేసరికి తన మీద తనకే నమ్మకం పోయింది. ఇప్పుడు పొయ్యి ఆర్పానా లేదా అని నాలుగుసార్లు లేస్తుంది. తలుపు తాళం వేసి సగం దారిలోంచి తిరిగొస్తుంది. నా కళ్ల మీద నాకు నమ్మకం లేదే, నువ్వు చూడవే అంటుంది."

చుట్ట విప్పి నాకు చూపించింది. సిరా వెలిసిపోయినా అక్షరాలు తెలుస్తున్నాయి.

"పవుడు లేదు మేడం. తిన్నగా రమ్మే ఉంది. అమ్మే మర్చిపోయింది. ఈ మాట ఇంటికెళ్లి ఎలా చెప్పను?"

ఉన్నమాట చెబుతాను, నాకు ముందు హమ్మయ్య అనిపించింది. ఆ కాగితం మీద నా పేరు లేదు, నా మాట లేదు. ఇక నేను నోరు మూసుకుంటే చాలు, ఈ జన్మకి నన్ను అడిగేవాళ్లు లేరు. రేపు సంతకం పెట్టేసి ఆ పిల్లని ఉద్యోగంలో ఉంచితే మంచిదాన్ని కూడా అవుతాను.

పిల్ల చుట్టని నలగకుండా చుట్టి, తాడు కట్టి, లేచి నిలబడింది. "ఇంకో మాట మేడం. ఇన్నాళ్లూ మిమ్మల్నే అనుమానించాను. మీరే ఏదో దాస్తున్నారనుకున్నాను. ఏమీ అనుకోకండి."

ఊళ్లో అందర్నీ అనుమానించే దాన్ని నేను. నన్ను అనుమానించినందుకు నా దగ్గరే క్షమాపణ అడుగుతోంది ఈ పిల్ల. సిగ్గుతో నా మొహం మండిపోయింది.

"మీ అమ్మ అడిగింది," అన్నాను.

"ఏంటి మేడం?"

"పవుడు కొట్టనా అని అడిగింది. నాకు ఆ రోజు తొందరగా ఇంటికి పోవాలని ఉంది. ప్రతిదానికీ అడుగుతుందని విసుగు కూడా. పవుడూ లేదు గివుడూ లేదు, చెప్పింది కొట్టు అన్నాను. కొట్టింది. విచారణలో మాత్రం ఆవిడ అడగనే లేదని చెప్పాను. నా ఉద్యోగం ఊడుతుందని భయపడి చెప్పాను."

కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. పిల్ల బల్ల మీది ఫోను నా ముందుకి జరిపి, తనే అంకెలు నొక్కింది.

"ముందు అమ్మకి చెప్పండి. తర్వాత డైరెక్టరుగారికి రాసివ్వండి," అంది. ఈసారి మేడం లేదు.

అటువైపు ఫోను ఎత్తారు. గొంతు కొంచెం ముదిరింది గానీ అదే గొంతు.

"వదినా," అన్నాను.

"ఎవరూ?"

"నేను. కంప్యూటర్ గది నుంచి."

పెట్టేస్తుందేమోనని గబగబా అంతా చెప్పేశాను. ఆవిడ అన్న మాట, నేనన్న మాట, విచారణలో ఆడిన అబద్ధం, అన్నీ.

"అడిగానా?" అంది వదిన.

"అడిగావు వదినా."

"పైకే అడిగానా? మనసులో అనుకోవడం కాదు కదా?"

"పైకే అడిగావు. నాకు బాగా వినపడింది."

తిడుతుందని కాచుకుని ఉన్నాను. పదిహేడేళ్ల తిట్లు నాకు బాకీ. కానీ రిసీవరు ఠక్కున బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది, తర్వాత లోపలి గదికి పరుగెత్తుతున్న అడుగులు.

"ఏమండీ! ఏమండీ, లేవండి! నేను అడిగానట! నోటితోనే అడిగానటండీ!"

నేను లైన్లో ఉన్న సంగతే ఆవిడకి గుర్తు లేదు. కొత్తపిల్ల చెయ్యి చాపింది. ఫోను ఆ పిల్లకి ఇచ్చి, తెల్లకాగితం కోసం సొరుగు తెరిచాను.