అంగుళానికి కొంచెం తక్కువ

బద్వేలు చర్చి వార్షికోత్సవంలో ఒక్కతే నిలబడి పాడే పాట ఇన్నేళ్లకు ప్రేమజ్యోతికి దక్కింది. ఇన్నాళ్లూ అది తోడికోడలు క్రిస్టినా సొత్తు. తీరా పాడే వేళకు, వేదిక పక్క గదిలో ప్రేమజ్యోతికి ఊపిరి ఆడటం లేదు.

కారణం కొత్త జాకెట్టు. ఎప్పుడూ పాత జాకెట్టు ఆది పెట్టుకుని తానే కత్తిరించి కుట్టుకునే మనిషి. ఈసారి డీటీపీ సెంటరు నడిపే భర్త జయపాల్ ఆమె కొలతలు కంప్యూటరుకిచ్చి, కాగితం మీద జాకెట్టు ముక్కల గీతలు అచ్చు తీసిచ్చాడు. దాని ప్రకారమే కుట్టుకుంది. పొద్దున తొడుక్కునేటప్పుడు తానే లావయ్యానని సిగ్గుపడి, ఊపిరి బిగబట్టి వెనక జిప్పు లాగించుకుంది. అది పైకెక్కి అక్కడే ఇరుక్కుపోయింది.

జయపాల్ జిప్పుతో కుస్తీ పడుతూ గొణిగాడు. “అంగుళమంటే ఇరవైఐదు పాయింట్ నాలుగు మిల్లీమీటర్లమ్మే. ప్రింటు తీసే సాఫ్ట్‌వేరు ఆ నాలుగును వదిలేసి ఇరవైఐదే గీసింది.”

“ఎన్ని అంగుళాల్లో?”

“అన్నిట్లో.”

“నేను శానా అంగుళాలు ఉండాను గదప్పా.”

“అందుకే చుట్టూ కలిపితే అరంగుళం దాటింది. పొద్దున స్కేలు పెట్టి చూసినా.”

“మరి అప్పుడే చెప్పొద్దా?”

“లావయినానని నువ్వే అనుకుంటాండావు. సరేలే అనుకున్నా.”

తలుపు సందులోంచి క్రిస్టినా తొంగిచూసింది. “అక్కా, నీకు బాగలేకుంటే నేను పాడతాలే. పాట నాకు వచ్చు గదా.”

“బాగుండానమ్మా” అని ప్రేమజ్యోతి తలుపు వేసింది. దండలు కట్టిన బల్ల మీది కత్తెర భర్త చేతికిచ్చింది. “జిప్పు పక్కనే కొయ్యి. పైనుంచి కిందిదాకా.”

ఊపిరి వచ్చింది. వీపు పోయింది. చీర పలచటి నెట్టుది, పైట కప్పినా దాగేది కాదు. గోడ వెంబడే పక్కకు జరుగుతూ వేదికెక్కి, గోడకు ఆనుకుని పాడింది. గొంతు చర్చి చివరిదాకా వెళ్లింది. క్రిస్టినా కూడా కళ్లు తుడుచుకుంది.

“కూర్చోమ్మా” అన్నారు ప్రసంగానికి లేచిన పాస్టరు ఏసేపుగారు.

“నిలబడే వింటానయ్యగారూ.”

ఆయన ఆ భక్తికి పొంగిపోయి ప్రసంగం ఇంకా పొడిగించారు. ప్రేమజ్యోతి చిరునవ్వుతో గోడను అంటిపెట్టుకుని ఉంది. శాలువా తెస్తానని జయపాల్ ఇంటికి పరుగెత్తాడు. తాళంచెవి మాత్రం ఆమె నడుముకే వేలాడుతోంది.