సిక్సర్‌కి పాసైన తీర్మానం

బోయిన్‌పల్లి గంగాభవాని రెసిడెన్సీలో నీళ్లు తగ్గినకొద్దీ టీవీ పెరిగింది. బోరు ఎండినప్పుడు అసోసియేషన్ సెక్రటరీ రామభద్రరావు గారు తమ ఇంట్లో టీవీని సెల్లార్లోకి దింపించారు. లిఫ్టు ఆగిపోయాక ప్రొజెక్టర్ తెప్పించారు. ఈసారి గోడంత తెర కట్టించేసరికి, ఇంకేదో పోబోతోందని కల్పలతకి అర్థమైపోయింది.

పోబోయేది వెనక ఖాళీ జాగా. ఆమె కూతురు అనుపమ రోజూ సాయంత్రం అక్కడే ఇటుకలు నిలబెట్టి బౌలింగ్ ప్రాక్టీసు చేస్తుంది. వచ్చే నెలే జిల్లా జట్టు సెలెక్షన్లు. ఆ జాగాను పక్క ఫంక్షన్ హాలుకి పార్కింగ్ కింద ఇచ్చేద్దామని సెక్రటరీ గారి ఆలోచన.

ఆయన దౌర్జన్యం చేసే మనిషి కాదు. జనరల్ బాడీ మీటింగు మ్యాచ్ రోజున పెడతారు, అంతే. ముందు మిర్చిబజ్జీలు పంచుతారు. బంతి గాల్లోకి లేవగానే మైకులో "సమ్మతమైతే చేతులెత్తండి" అంటారు. బంతి తాడు దాటుతుంది, చేతులన్నీ లేస్తాయి. వాచ్‌మన్‌ని తీసేసిందీ, నీళ్లు రోజు విడిచి రోజు చేసిందీ ఇలాగే. మెయింటెనెన్స్ పెంపు మాత్రం ఫోర్‌కే పాసైంది.

కల్పలత భర్త హరికిషన్ మ్యాచ్ జరుగుతుంటే కుర్చీ దిగడు. దిగితే వికెట్ పడుతుందని నమ్మకం. కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు.

"జాగ పోతుంటే గిట్ల కూసున్నరేందండీ? జెర లేచి అడగరాదా?" అంది కల్పలత, ఆ రోజు సెల్లార్లో మీటింగు మొదలవగానే.

"ఈ ఓవర్ కానియ్యి లతా. ఇప్పుడు లేస్తే వికెట్ పోతది."

"బిడ్డ గ్రౌండే పోతున్నది!"

"బిడ్డ సుత మనోళ్లు గెలవాలనే అంటది కదా."

అంతలో బంతి లేచింది. "వెనక జాగా పార్కింగ్‌కి ఇద్దామా? సమ్మతమైతే చేతులెత్తండి" అన్నారు రామభద్రరావు గారు. సెల్లారంతా చేతులే. ఆయన తృప్తిగా మైకు బల్ల మీద పెట్టి బజ్జీ అందుకున్నారు.

కల్పలత వెళ్లి ఆ మైకు తీసుకుంది. మళ్లీ బంతి లేచేదాకా ఓపిగ్గా నిలబడింది.

"లిఫ్టు బాగయ్యేదాంక సెక్రటరీ సార్ ఫ్లాటుకి నీళ్లు బంద్. సమ్మతమైతే చేతులెత్తుండ్రి!"

సిక్స్. అన్ని చేతులూ లేచాయి. సెక్రటరీ గారి చెయ్యి కూడా, బజ్జీతో సహా.

"పాసైంది," అంది కల్పలత.

"ఏంటమ్మా ఇది? చెల్లదు!" రామభద్రరావు గారు మైకు దగ్గరికొచ్చి అరిచారు. "వాళ్లు సిక్స్‌కి ఎత్తారు, మీ మాటకి కాదు!"

ఆ మాట సెల్లారంతా మోగింది.

"మరి ఇందాక మీ మాటకి ఎత్తిన్రా సార్?"

సరిగ్గా అప్పుడే ప్రకటనలు వచ్చాయి. ఆ అపార్ట్‌మెంటులో జనం ఆలోచించుకునేది ఆ కాసేపే.

"అయితే వాచ్‌మన్‌ని తీసెయ్యమని నేనే చెయ్యెత్తానా?" అంది మూడో అంతస్తు వీరరాఘవమ్మ గారు. పాపం, వాచ్‌మన్ పోయాక ఆవిడే పాల ప్యాకెట్టు కోసం రోజూ మెట్లు దిగుతోంది.

"మ్యాచ్ అయ్యాక మాట్లాడుకుందామండీ," అన్నారు సెక్రటరీ గారు.

"ఇప్పుడే. చేతులు వద్దు. జాగ ఇయ్యొద్దు అనేటోళ్లు లేచి నిలబడుండ్రి," అంది కల్పలత.

ఎవరూ లేవలేదు. ఆట మళ్లీ షురూ అయింది. కల్పలత వెళ్లి తెరకి అడ్డంగా నిలబడింది. బౌలరు ఆమె చీర మీదుగా పరుగెత్తుతున్నాడు.

"జరగమ్మా!" అని నలువైపులా కేకలు.

"జరుగ! ఏం చేస్తరో చేసుకోండ్రి."

హరికిషన్ భార్య వైపు చూశాడు. మెల్లగా కుర్చీలోంచి లేచాడు.

వికెట్ పడింది.

"కూర్చోవయ్యా, నీ వల్లే!" సెల్లారు గొల్లుమంది. సెక్రటరీ గారైతే చేతులు జోడించారు.

"పడనియ్యిండ్రి," అన్నాడు హరికిషన్. కుర్చీని కాలితో వెనక్కి నెట్టాడు. "నా బిడ్డ సుత వికెట్లు తీస్తది. దానికి జాగ గావాలె."

వీరరాఘవమ్మ గారు బజ్జీ పొట్లం పక్కన పెట్టి, చీర సర్దుకుని లేచింది.

ఇంకో వికెట్ పడింది. వెనక మరో కుర్చీ జరిగిన చప్పుడైంది.